స్త్రీకి కండ అక్కర్లేదా?

బి.ఎ. మొదటి సంవత్సరం విద్యార్థులకు గురజాడ 'దేశభక్తి' గీతం చెప్పడం నాకు ఇష్టమైన పని. 1910లో రాసిన ఆ గీతంలో గురజాడ తిండికీ కండకూ ముడివేశాడు, కండకూ మనిషితనానికీ ముడివేశాడు. దేశభక్తిని గురించి రాయబోయిన కవి తిండి సంగతి యెందుకెత్తాడని నేను విద్యార్థులను అడుగుతాను. మనిషిని ఆకలితో వుంచి దేశాన్ని ప్రేమించమనే వ్యవస్థను గురించి మాట్లాడతాను. గంట కొట్టేసరికి పాఠం ముగుస్తుంది. చాలా యేళ్ళు యిట్లాగే జరిగింది.

నాలుగేళ్ళ కిందట వొకరోజు వెనక బల్లమీద కూర్చున్న అమ్మాయి లేచి, "మేడమ్, కండ వుండాలన్నది మగవాళ్ళకే గదా? ఆడపిల్లకు కండ వుంటే యేం బాగుంటది?" అని అడిగింది. తరగతి అంతా నవ్వింది. మగపిల్లలకన్నా ఆడపిల్లలే యెక్కువ నవ్వారు. "మనిషి అంటే ఆడా మగా యిద్దరూ" అని వొక్కమాట చెప్పి నేను పేజీ తిప్పాను. ఆ మాట తప్పు కాదు. కాని అది జవాబూ కాదు. అసలు జవాబు చెప్పే యోగ్యత ఆ రోజున నాకు లేదు. యెందుకంటే ఆ ఉదయం నేను యేమీ తినకుండా తరగతికి వచ్చాను. బరువు తగ్గాలని అప్పటికి నాలుగు నెలలుగా వొంటిపూట భోజనం చేస్తున్నాను.

ఆ అమ్మాయికి ఆలస్యంగా చెబుతున్న జవాబు యీ వ్యాసం.

తెలుగు చెప్పేదాన్ని గనుక నాకు మొదట తట్టేది భాష. మగవాడి శరీరాన్ని గురించి మాట్లాడేటప్పుడు మనం కండబలం అంటాం, కండపుష్టి అంటాం. ఆడదాని శరీరానికి వచ్చేసరికి ఆ మాటలు మాయమవుతాయి. అక్కడ ప్రధానంగా చెలామణి అయ్యేవి రెండే: లావు, సన్నం. "వొళ్ళు చేసింది" అంటే ఏదో తప్పు చేసినట్టే. "చిక్కింది" అంటే సగం జాలి, సగం మెప్పు. ఈ మాటలన్నీ కంటికి కనబడే ఆకారాన్ని గురించి చెప్పేవే. ఆ శరీరం యేం చెయ్యగలదో, దేన్ని మొయ్యగలదో వాటివల్ల తెలియదు.

ఇది నిన్నగాక మొన్న పుట్టిన జబ్బు కాదు. ప్రబంధాలు చదివినవాళ్ళందరికీ నాయికను నఖశిఖపర్యంతం వర్ణించే సంప్రదాయం తెలుసు. అందులో నాయికకు నడుము వున్నదా లేదా అనే సందేహం వొక స్థిరమైన అలంకారం. నడుమును ఆకాశంతో పోల్చడం, శూన్యంతో పోల్చడం కవులకు పోటీ అయింది. యెం.ఎ.లో మేం ఆ చమత్కారాన్ని వివరించి మార్కులు తెచ్చుకున్నాం. ఆ లేని నడుముతో ఆమె బిందె యెట్లా యెత్తుతుందని యెవరమూ అడగలేదు. నిజానికి అడగవలసిన పనే లేదు. నాయిక బిందె యెత్తదు. యెత్తడానికి దాసీలు వున్నారు, వాళ్ళ నడుములు కవులకు పట్టలేదు. పనిచెయ్యనక్కర్లేని శరీరమే అందమైన శరీరం అనడం రాజాస్థానాల సౌందర్యశాస్త్రం.

ఆస్థానాలు పోయాయి. ఆ శాస్త్రం మాత్రం పోలేదు, చేతులు మారింది. 'మాయాబజార్' వచ్చిన 1957లో సావిత్రి బొద్దుగా వుండటం ప్రేక్షకులకు లోపంగా తోచలేదు. తరవాత వ్యాపారానికి కొలతలు మారాయి. 2001లో 'నువ్వు నాకు నచ్చావ్'తో తెలుగు తెరకు వచ్చిన ఆర్తీ అగర్వాల్ 2015 జూన్‌లో అమెరికాలో చనిపోయింది. అప్పటికి ఆమెకు 31 యేళ్ళు. అంతకు కొన్ని వారాల ముందు కొవ్వు తీయించుకునే శస్త్రచికిత్స చేయించుకున్నదని పత్రికలు రాశాయి. మరణానికి అదే కారణమని నేను తీర్పు చెప్పబోవడం లేదు. అది వైద్యులు తేల్చవలసిన సంగతి. ఆ వయసులో వొక నటి తన వొంటిని కత్తికి అప్పగించుకునే పరిస్థితిని ఆమె వొక్కతే కల్పించుకోలేదని మాత్రం అంటాను. అదే యేడాది నవంబరులో 'సైజ్ జీరో' అనే సినిమా వచ్చింది. సన్నబరిచే వ్యాపారాన్ని విమర్శించడానికి తీసిన ఆ సినిమాకోసం అనుష్క బరువు పెరిగింది. నా స్నేహితురాళ్ళ మధ్య ఆ సినిమా చెప్పిన సంగతి గురించి చర్చ జరగనేలేదు. ఆమె యెన్ని కిలోలు పెరిగింది, మళ్ళీ తగ్గుతుందా లేదా అన్నదే చర్చ. ఆ చర్చలో నేనూ వున్నాను.

ఇక నా సంగతి. నేను ఖమ్మంలో పుట్టి పెరిగాను. ఉద్యోగం భద్రాచలం వైపు, అడవి అంచున వున్న వొక కాలేజీలో. కాన్పయిన రెండేళ్ళకు నా బరువు 68 కిలోలు. "వొళ్ళు చేశారు మేడమ్" అని తోటి అధ్యాపకులు నవ్వుతూ అనేవారు. మా అత్తయ్య మాత్రం, "పిల్లలతల్లివి, కడుపు మాడ్చుకోకమ్మా" అనేది. చదువుకున్న కోడలు చదువుకోని అత్త మాట వింటుందా? రాత్రి భోజనం మానేశాను. తరవాత ఉదయం ఫలహారం మానేశాను. ఆరునెలల్లో 57కు వచ్చాను. అందరూ మెచ్చుకున్నారు. నవ్విన అధ్యాపకులే రహస్యం చెప్పమన్నారు.

ఆ రోజుల్లోనే వొక సాయంత్రం, నిద్రపోతున్న మా అబ్బాయిని భుజాన వేసుకుని మెట్లెక్కబోయి సగంలో కూలబడ్డాను. బరువు తగ్గింది నాకు, వాడికి కాదు. డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి హిమోగ్లోబిన్ 8 వున్నదని చెప్పింది. "కొవ్వు పోయిందని మీరు సంతోషిస్తున్నారు. దానితోపాటు కండ కూడా పోయింది" అన్నది. కండ అనే మాట నా శరీరాన్ని గురించి వొకరు వాడగా వినడం నాకదే మొదటిసారి.

కండనూ కొవ్వునూ కాటా వొక్కటిగానే తూస్తుంది. కాని రెండూ వొకటి కావు. వొక ఘన సెంటీమీటరు కండ సుమారు 1.06 గ్రాములు తూగితే అంతే కొవ్వు 0.9 గ్రాములు తూగుతుంది. అందుకే వొకే యెత్తు, వొకే బరువు వున్న యిద్దరు స్త్రీలు చూడటానికి వేరుగా వుంటారు. కొవ్వు మనకు శత్రువేమీ కాదు, అది శరీరానికి గాదె. స్త్రీ శరీరానికి పురుషుడి కన్నా యెక్కువ కొవ్వు అవసరం. అది మరీ తగ్గితే బహిష్టు ఆగిపోతుంది. కండ శరీరానికి పనిముట్టు. నిలబెట్టేదీ, మోయించేదీ, రక్తంలోని చక్కెరను చాలావరకు వాడుకునేదీ అదే. తిండి మానేస్తే శరీరం గాదె తీసి తింటుందనీ, పనిముట్లు భద్రంగా వుంటాయనీ మనం అనుకుంటాం. జరిగేది వేరు. కరువులో రైతు గింజలు అమ్ముకుని, దాంతో ఆగక యెడ్లను కూడా అమ్ముకుంటాడు. యెడ్లు పోయాక మళ్ళీ వాన పడినా దున్నడం కష్టమే. నేను యెడ్లను అమ్ముకుని అందరి మెప్పూ పొందాను.

నా వొంటితో పోతే యీ వ్యాసం రాయవలసిన పని లేదు. తరగతిలో ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి దుమ్ముగూడెం వైపు వొక కోయ పల్లెనుంచి వచ్చింది. హాస్టల్లో వుండి చదివేది. ఆ యింట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి పిల్ల. మొదటి యేడు సంక్రాంతి సెలవుల తరవాత వరండాలో యెదురైతే, "సన్నబడ్డావే, బాగున్నావు" అన్నాను. మామూలుగా అనే మాటే. అన్న సంగతి కూడా నేను మర్చిపోయాను. ఆమె మర్చిపోలేదు. అప్పటినుంచి హాస్టల్లో పెట్టే గుడ్డు పక్కపిల్లకు యిచ్చేసింది. రాత్రి అన్నం మానేసింది. మార్చి ఆఖరున పరీక్ష గదిలో కళ్ళు తిరిగి పడిపోయింది. ఆస్పత్రిలో తూస్తే 43 కిలోలు. "తినమని మేం చెప్పాం మేడమ్. మీరు కూడా రాత్రి తినరు గదా అన్నది" అని ఆమె గదిలో వుండే పిల్ల నాతో చెప్పింది.

ప్రకటనలనూ సినిమాలనూ విమర్శించడం మనకు అలవాటే. కాని ఆ పిల్ల కంచంలోనుంచి గుడ్డు తీసేసినది యే ప్రకటనా కాదు. అభ్యుదయ సాహిత్యం బోధించే అధ్యాపకురాలి మెచ్చుకోలు. అందుకే పాతకాలపు కవులనుంచి మొదలుపెట్టిన విమర్శను నా దగ్గరికి తీసుకురాక తప్పలేదు.

పరీక్షలు అయిపోయాక ఆమెను యింటిదగ్గర దింపడానికి నేనూ వెళ్ళాను. తునికాకు కాలం అది. తెల్లవారకముందే ఆడవాళ్ళు అడవిలోకి పోతారు. యెండ ముదిరేలోగా ఆకు కోసి, మూటకట్టి, నెత్తిన పెట్టుకుని వస్తారు. ఇంటిదగ్గర కూర్చుని యాభై ఆకులకు వొక కట్ట చొప్పున కట్టి, సాయంత్రానికి కల్లానికి చేరుస్తారు. కట్టల లెక్కన డబ్బు. మిగతా కాలంలో ఇప్పపువ్వు యేరడం, మిరప తోటల్లో కాయ కోయడం, నాట్లు. వంగడం, లేవడం, మొయ్యడం, మళ్ళీ వంగడం.

మేం పోయేసరికి ఆ పిల్ల తల్లి అప్పుడే అడవినుంచి వచ్చి మూట దించింది. కుతూహలంకొద్దీ నేను యెత్తబోయాను. మోకాళ్ళదాకా వచ్చి ఆగిపోయింది. ఆమె నవ్వి, వొక్క వూపున దాన్ని అరుగుమీద పెట్టింది. ఆ సాయంత్రం అంగన్‌వాడీలో కాటా వుంటే కూతురితోపాటు తల్లినీ నిలబెట్టాం. తల్లి బరువు కూడా 43. అంకె చూసి, "ఇది తక్కువనా, యెక్కువనా మేడమ్?" అని అడిగింది. తక్కువేనమ్మా అన్నాను. ఆమె కూతురి వైపు వొకసారి చూసింది. తమలో తాము కోయభాషలో యేదో అనుకున్నారు. తరవాత నాతో తెలుగులో, "మేం తిననీకి లేక యెండినం మేడమ్. దీనికి పెడుతుంటే వద్దని యెండుడేంది? చదువుల యిదే చెప్తరా?" అన్నది.

నా దగ్గర సమాధానం లేదు. వాళ్ళింట్లో పెట్టిన అన్నం తిని వచ్చాను.

వొకే కాటామీద వొకే అంకె. తల్లి శరీరంలో వున్నది దశాబ్దాల చాకిరీ. ఆ చాకిరీకి చాలని తిండి. కూతురి శరీరంలో వున్నది మూడునెలల సిగ్గు. అంకెకు యీ తేడా తెలియదు. బరువును యెత్తుతో కలిపి లెక్కగట్టే పద్ధతి బెల్జియం గణితవేత్త కెత్‌లేది. ఆయన వైద్యుడు కాడు. 1835లో అచ్చయిన గ్రంథంలో ఆయన వెతికింది 'సగటు మనిషి'ని. 1972లో అమెరికాలో యాన్సెల్ కీస్ ఆ లెక్కకు శరీర ద్రవ్యరాశి సూచిక అని పేరుపెట్టాడు. అందుకోసం అయిదు దేశాల్లో యేడువేలమందికి పైగా మనుషులను పరిశీలించాడు. వాళ్ళందరూ మగవాళ్ళే. మన ఆడపిల్లలు పొద్దున్నే లేచి తమను కొలుచుకునే కొలబద్ద చరిత్ర యిది. జనాభా మొత్తం తీరు తెలుసుకోవడానికి అది పనికొస్తుంది. వొక మనిషిలో కండ యెంతో కొవ్వు యెంతో అది చెప్పలేదు.

పూనా వైద్యుడు యాజ్ఞిక్ యీ సంగతిని 2004లో 'లాన్సెట్' పత్రికలో తన వొంటినే చూపించి చెప్పాడు. ఆయనా, ఇంగ్లండుకు చెందిన యడ్కిన్ అనే వైద్యుడూ పక్కపక్కన నిలబడి ఫోటో దిగారు. ఇద్దరి సూచికా 22.3. కాని యడ్కిన్ శరీరంలో కొవ్వు 9.1 శాతమైతే యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం. చూడటానికి సన్నంగా వుండి లోపల కొవ్వు యెక్కువగా, కండ తక్కువగా వుండటం మన దేశంలో చాలామందికి వున్న స్థితి. తరాల తరబడి అర్ధాకలితో వున్న తల్లులకు చిన్నగా పుట్టిన బిడ్డల్లో దీని మూలాలు వున్నాయని ఆయన వాదం. అంటే కొవ్వు ప్రశ్న కూడా చివరకు తిండి ప్రశ్న దగ్గరికే వస్తున్నది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కలు చూడండి. తెలంగాణలో 15నుంచి 49 యేళ్ళలోపు స్త్రీలలో 18.8 శాతం వుండవలసిన బరువు కన్నా తక్కువ వున్నారు. 30.1 శాతం యెక్కువ వున్నారు. రక్తహీనత వున్నవాళ్ళు 57.6 శాతం. సన్నవాళ్ళూ లావువాళ్ళూ రెండు శత్రుశిబిరాలన్నట్టు మనం మాట్లాడతాం. రక్తహీనత మాత్రం రెండు శిబిరాల్లోనూ వున్నది. అన్నం తప్ప మరొకటి అందని కూలీ స్త్రీ, ఇంటిల్లిపాదికీ పెట్టి మిగిలినది తిని కూర్చుని పనిచేసే మధ్యతరగతి స్త్రీ – వీళ్ళిద్దరి బరువులు వేరు కావచ్చు. కంచంలో పప్పూ గుడ్డూ తక్కువ కావడం యిద్దరికీ వొకటే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం ప్రామాణిక స్త్రీ బరువు 55 కిలోలు. కూర్చుని పనిచేసే స్త్రీకి రోజుకు 1660 కిలోకాలరీలు కావాలి, బరువు పనిచేసే స్త్రీకి 2720. తునికాకు మూట మోసే తల్లికి ఆ రెండో అంకె యెవరు చెల్లిస్తున్నారు? ఆమె కండను కల్లం కొనుక్కుంటున్నది. ఆ కండకు పెట్టవలసిన తిండి ఖర్చు కట్ట ధరలో లేదు.

ఇక్కడ మన సాహిత్యం చేసిన పొరపాటు కూడా చెప్పాలి. ప్రబంధనాయికను కాదన్న తరవాత మనలో కొందరు శ్రామికస్త్రీని తెచ్చి ఆ పీఠంమీద కూర్చోబెట్టారు. నల్లరాతి విగ్రహమన్నారు, చెమటలో మెరిసే వొళ్ళన్నారు. నేనూ విద్యార్థిగా అట్లాంటి కవిత వొకటి రాశాను. ఆ తల్లి మూట యెత్తబోయినప్పుడు నాకు తెలిసింది: అది మళ్ళీ నఖశిఖవర్ణనే, రాయి మారింది గాని చూపు మారలేదు. ఆమె సన్నదనం వ్యాయామంవల్ల వచ్చింది కాదు. ఆ బలం వెనక హిమోగ్లోబిన్ యెంతో, రాత్రి నడుమునొప్పి యెంతో కవికి తెలియదు. కష్టాన్ని అందంగా చూపడం ఆ కష్టాన్ని తగ్గించదు.

మరి స్త్రీకి కండ వుంటే యేమవుతుంది? శ్రీకాకుళం జిల్లా వూసవానిపేటనుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీలో 110, 130 – మొత్తం 240 కిలోలు యెత్తి కంచుపతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం సాధించిన మొదటి భారతీయ స్త్రీ ఆమె. మగవాళ్ళ బరువుల పోటీ 1896లోనే మొదలయితే, స్త్రీలను ఆ పోటీకి రానిచ్చింది 2000లోనే. బరువులెత్తితే ఆడపిల్ల మగరాయుడవుతుందని భయపెట్టేవాళ్ళు వున్నారు. మగవాడి కండను పెద్దది చేసే హార్మోను స్త్రీలో చాలా తక్కువగా వుంటుంది. కనక ఆమెకు ఆకారం కన్నా ముందు బలం పెరుగుతుంది. ఆ బలం యిల్లూ పొలమూ యెప్పుడూ వాడుకుంటూనే వున్నాయి. అది ఆమె సొంతం కావడమే కొందరికి యిబ్బంది. చలం 'స్త్రీ'లో వ్యాయామాన్ని కూడా స్త్రీకి రావలసినవాటిలో చేర్చాడు. ఆ పుస్తకంమీద చర్చలన్నీ ప్రేమ దగ్గరా పెళ్ళి దగ్గరా ఆగిపోయాయి. వ్యాయామందాకా మనం పోలేదు.

మా కాలేజీలో ఆటస్థలం సాయంత్రాలు మగపిల్లలదే. రెండేళ్ళ కిందట ఆడపిల్లలు వొక గంట తమకు కావాలని అర్జీ పెట్టారు. మొదటి సంతకం ఆ అమ్మాయిది. "ఎండలో నల్లబడతారు" అని వొక అధ్యాపకుడు అభ్యంతరం చెప్పాడు. నాలుగు నెలలు తిరిగాక ఆ గంట వచ్చింది. ఇసుక నింపిన సంచులూ, వొక యినపకడ్డీ తప్ప సామాను లేదు. హాస్టల్లో గుడ్డు వారానికి యెన్ని రోజులు రావాలో, యెన్ని రోజులు వస్తున్నదో పిల్లలు గోడమీద రాసి లెక్క వుంచుతున్నారు. ఇవి విప్లవాలు కావు. కాని గుడ్డు వద్దన్న పిల్ల గుడ్డు యేదని అడగడం నా కళ్ళముందు జరిగింది. ఆమె డిగ్రీ ముగించి యిప్పుడు బి.ఇడి. చదువుతున్నది. బరువు యెంతో నేను అడగలేదు.

'దేశభక్తి' పాఠం యిప్పటికీ చెబుతున్నాను. మనిషి అనే మాట దగ్గర ఆగి, వెనకటికి వొక విద్యార్థిని అడిగిన ప్రశ్న యిదీ అని చెబుతాను. తరగతి యిప్పటికీ నవ్వుతుంది. నవ్వు ఆగాక, "ఇవాళ పొద్దున మీలో యెవరెవరు యేం తిని వచ్చారు?" అని అడుగుతాను. కొన్ని చేతులు లేవవు. అక్కడినుంచి పాఠం మొదలుపెడతాను. ఆ తల్లి చదువులో యిదే చెబుతారా అని అడిగింది. ఏం చెబుతున్నామో మనమందరం వొకసారి చూసుకోవాలి.